టైల్ కింద ఏముంది?

టక్. టక్. టక్. డుబ్.

మేస్త్రీ చేతిలో పది రూపాయల బిళ్ల. స్నానాల గది గడప లోపల గొంతుకు కూర్చుని ఒక్కో టైల్‌ని ఐదు చోట్ల కొడుతున్నాడు. నాలుగు మూలలా నాలుగు, నడిమధ్యన ఒకటి. కింద సిమెంటు మాల్ నిండుగా పట్టిన చోట బిళ్ల పొట్టిగా, గట్టిగా మోగుతుంది. ఖాళీ ఉన్న చోట శబ్దం లావవుతుంది. ఈ తేడా ఒకసారి చెవికి పట్టిందంటే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు దగ్గర నిలబడ్డ మా అక్కకు మూడో టైల్‌కే పట్టేసింది. ఆయన నోరు తెరవకముందే "గుల్ల" అంటోంది.

"గుల్లనే అమ్మా" అంటూ సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాడు మేస్త్రీ.

దిల్‌సుఖ్‌నగర్ వెనక వీధుల్లో తొంభైలలో కట్టిన అపార్ట్‌మెంట్ ఇది. రెండో అంతస్తు. బయట ముసురు పట్టింది. హాల్లో పాత మొజాయిక్ గచ్చు ఇప్పటికీ అద్దంలా ఉంది. దాన్ని తీయించకపోవడం అక్క చేసిన మంచి పనుల్లో ఒకటి. మార్పించినవి రెండు స్నానాల గదులు, వంటిల్లు, కొంత వైరింగు. ఉగాదికి ముందు పని పూర్తయింది. వచ్చిన చుట్టాలందరికీ కొత్త గదులు చూపించింది, ఫోటోలు పెట్టింది. వానాకాలం వచ్చేసరికి కింద ఫ్లాటు ఆవిడ మెట్లెక్కి వచ్చి "మా స్నానాల గది పైకప్పు ఒకసారి చూస్తారా" అని అడిగింది.

మేస్త్రీది పాలమూరు. పసితనంలోనే ముఠా వెంట ప్రాజెక్టు పనులకు పోయి, మట్టి మోసి, హైదరాబాద్ వచ్చాక తాపీ పట్టినవాడు. ఇప్పుడు బరువు పనులు మానేశాడు. ఇలా పాడైన పనులు చూసి చెప్పడానికి పిలిస్తే వస్తాడు. సంచిలో రసమట్టం, మట్టపు గుండు, టేపు, సుద్ద ఉంటాయి. సుత్తి మాత్రం తెచ్చుకోలేదు. "పగలగొట్టుడు చివరికి. ముందుగాల నీళ్లనడుగుదాం" అన్నాడు మొన్న వచ్చినప్పుడే.

నీళ్లను అడగడం మొన్న రాత్రి మొదలైంది. ముందు టెర్రస్ మీద ఈ ఫ్లాటుకు దిగే గేట్ వాల్వ్ కట్టేయించాడు. ఆ రాత్రంతా ఎవరూ ఈ గది వాడలేదు. తెల్లారేసరికి కింద చుక్క ఆగిపోయింది. గోడలోని పైపు పగిలి ఉంటే వాల్వ్ కట్టగానే ఆగి, మళ్లీ తెరవగానే ఎవరూ స్నానం చేయకపోయినా చుక్క మొదలవ్వాలి. అందుకని నిన్న పొద్దున వాల్వ్ తెరిచి, గది వాడకుండా కొన్ని గంటలు ఊరుకున్నారు. చుక్క రాలేదు. అంటే పైపు నేరం లేదు. నేల మీద పడ్డ నీళ్లే దిగుతున్నాయి. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు, కాస్త ఓపిక కావాలి. చాలా ఇళ్లలో ఈ పని చేయకుండా గోడలు పగలగొట్టి, పైపులు బాగానే ఉన్నాయని తెలిశాక నేల పగలగొడతారు.

తర్వాత నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్‌లో ప్లాస్టిక్ కవరు చుట్టిన గుడ్డ కుక్కి, గడప దగ్గర మాల్‌తో చిన్న కట్ట వేసి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టారు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ, టైము రాశారు. అక్క ఫోన్‌తో వీడియో తీసింది. అందులో ఆ రోజు పేపరు కూడా కనబడేలా పట్టుకుంది. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, కాగితం విలువ తెలుసు.

ఈ పొద్దున చూస్తే నీళ్లు గీతకు వేలెడు కిందికి దిగాయి. ముసురులో, మూసిన గదిలో, ఒక్క రాత్రికి అంత ఆవిరి కాదు.

కిందకు దిగి చూడాలి. చెప్పులు బయటే వదిలి ఆ ఇంట్లోకి అడుగుపెడుతుంటే మనమే తప్పు చేసినట్టు మొహమాటం. ఆవిడ మంచిదే, "రండి, చూడండమ్మా" అంటుంది, గొంతులో మాత్రం విసుగు దాగదు. పైకప్పు మీద పసుపు వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి. రంగు బుడగలు కట్టి పెచ్చులు ఊడింది. అంచుల్లో తెల్లటి పొడి. వేలితో రాస్తే ఉప్పులా రాలుతుంది. సిమెంటులోని లవణాలను నీళ్లు కరిగించుకుని వచ్చి, ఆరాక ఇక్కడ వదిలేసిన గుర్తు అది. ఒక చోట కడ్డీ తుప్పు చార బయటపడుతోంది. మేస్త్రీ స్టూలెక్కి అక్కడే ఎక్కువసేపు చూస్తాడు. తడి కంటే ఆ చార ఆయనకు నచ్చలేదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే చుట్టూ ఉన్న కాంక్రీటును పగలదీస్తుంది. ఇది రంగు వేస్తే పోయేది కాదు.

నిలబెట్టిన నీళ్లలో నీలం కలిపింది అక్క, కింద నీలం చుక్క కనబడితే సాక్ష్యం దొరుకుతుందని. నీళ్లు వచ్చాయి, నీలం రాలేదు. అక్క ముఖం చిన్నబోయింది.

"రంగు ఇసుకలనే ఆగిపోతదమ్మా. రంగెందుకు, నీ గీతనే చెప్పింది గద" అంటాడు మేస్త్రీ.

మళ్లీ పైకి. గుడ్డ తీశారు, నీళ్లు వదిలారు. ఇప్పుడు మీరు గమనించాల్సింది నీళ్లు ఎటు పోతున్నాయన్నది. సగం ట్రాప్ వైపు పోతాయి. మిగతా సగం కమోడ్ వెనక మూలకు చేరి అక్కడే కూర్చుంటాయి. మేస్త్రీ రసమట్టం పెట్టి బుడగ చూపిస్తాడు. "వాటం యాడుంది? నీళ్లు గోడదిక్కు పోతున్నయ్." మామూలుగా 80 అంగుళాల దూరానికి ఒక అంగుళం దిగేలా వాటం ఇస్తారు, కనీసం వందకు ఒకటైనా ఉండాలి. ఎనిమిది అడుగుల గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక అంగుళం పైన తేడా రావాలి. ఇక్కడ పెద్ద టైల్స్ వేశారు, రెండడుగులవి. పెద్ద టైల్‌కు నాలుగు దిక్కులా వాటం ఇవ్వాలంటే ట్రాప్ చుట్టూ కోసి వంచి వేసుకోవాలి. కోయలేదు. కోస్తే టైము పడుతుంది, ఫోటోలో గీతలు కనబడతాయి.

గది వదిలే ముందు మేస్త్రీ గోడలు కూడా కొట్టి చూస్తాడు. డుబ్. డుబ్. ఒక టైల్ అంచు కాస్త లేచి ఉంటే గోరుతో లాగాడు, ఊడి చేతిలోకి వచ్చేసింది. వెనక్కి తిప్పి చూపించాడు. గోడ మీద ఐదు మాల్ ముద్దలు, వాటి మధ్య ఖాళీ. టైల్ వీపు శుభ్రంగా ఉంది, ఆ ముద్దలు కూడా గోడకే అంటుకుని ఉన్నాయి తప్ప టైల్‌ను పట్టలేదు. విట్రిఫైడ్ టైల్ అరశాతం నీళ్లు కూడా పీల్చదు. పాత రకం టైల్‌ను నీళ్ల బకెట్లో నానబెట్టి సిమెంటు పాలతో అంటిస్తే పట్టుకునేది, ఎందుకంటే అది పీల్చేది. దీనికి అది కుదరదు. పాలిమర్ కలిసిన గమ్ము కావాలి. పళ్ల కరణితో గోడంతా దువ్వి, దాని మీద టైల్ నొక్కాలి. ఆ గమ్ముకు ఐ.ఎస్. 15477 అని మన దేశంలో ప్రమాణం కూడా ఉంది, బస్తా మీద రాసి ఉంటుంది. కొటేషన్‌లో "టైల్ అడ్హెసివ్‌తో" అని ఉంది. చేతిలో ఉన్నది సిమెంటు.

వంటింట్లో ఎక్కువసేపు ఆగాల్సిన పనిలేదు. సింకు కింద అల్మారా తలుపు తెరిస్తే కుళ్లిన చెక్క వాసన. బయటంతా లామినేట్ నిగనిగలాడుతోంది, పైపు కోసం కన్నం వేసిన చోట పచ్చి అంచు నీళ్లు తాగి రొట్టెలా ఉబ్బింది. మెరైన్ ప్లై, ఐ.ఎస్. 710 అని రాసిచ్చిన చోట పార్టికల్ బోర్డు పెట్టారు. కన్నం దగ్గర పొట్టు రాలుతోంది కాబట్టి వాదన కూడా అక్కర్లేదు.

గీజరు దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. వాచ్‌మన్ పిలుచుకొచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు స్విచ్ ప్లేటు విప్పాడు. ఆకుపచ్చ తీగ, ఎర్త్ వైరు, కోసి వెనక్కి మడిచి పెట్టి ఉంది. సాకెట్‌కు కలపనే లేదు. తడి చేతులతో ముట్టుకునే వస్తువు అది.

"ఇది ఇప్పుడే కలుపు" అన్నాను నేను.

"కాంట్రాక్టర్‌కు చూపించాక కదా?" అంది అక్క.

ఫోటో తీసి, వీడియో తీసి, అప్పటికప్పుడు కలిపించాం. మిగతా లోపాలు సాక్ష్యం కోసం ఆగుతాయి, కరెంటు ఆగదు. బోర్డులో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టమని కుర్రాడికి చెప్పింది అక్క. ఆ ఖర్చు తర్వాత లెక్కలో రాసుకోవచ్చు.

పదకొండు దాటాక కాంట్రాక్టర్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. చక్కని చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. రాకపోతాడేమో అనుకున్నాం, వచ్చాడు. ఆ ఒక్క విషయంలో అతన్ని మెచ్చుకోవాలి. ఈ ఊళ్లో పని అయిపోయాక ఫోన్ ఎత్తేవాళ్లు తక్కువ. అక్క కాఫీ ఇచ్చింది. తగాదా ఉన్నా ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా ఉండలేదు.

అతను గడపలో నిలబడి, గది మొత్తం ఒక్క చూపు చూసి, తేలిగ్గా నవ్వాడు. "ఏం లేదు మేడం. గ్రౌట్ లైన్స్‌లో హెయిర్‌లైన్ క్రాక్స్. ఎపాక్సీ కొట్టిస్తా. ఒక్క రోజు పని."

మేస్త్రీ లేచి నిలబడలేదు. కూర్చున్న చోటు నుంచే అడిగాడు. "ఎపాక్సీ పైన కొడితే కింద పొర వస్తదా బిడ్డా?"

"పెద్దాయనా, మేం వాటర్‌ప్రూఫింగ్ చేశాం. రెండు కోట్లు కొట్టాం. కావాలంటే ఫోటోలు ఉన్నాయి."

"సరే. ఎన్ని డబ్బలు పట్టినయ్?"

ఇక్కడ గది కాసేపు నిశ్శబ్దమవుతుంది. కాంట్రాక్టర్ ఫోన్‌లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంటాడు. ఆ డబ్బాలు వీధి చివర హార్డ్‌వేర్ షాపు నుంచి వచ్చాయి. డబ్బు అక్కే ఫోన్‌లో పంపింది. ఆ బిల్లు ఆమె తీసిపెట్టుకుంది. డబ్బా మీద రాసి ఉన్న లెక్క కూడా ఫోటోలో ఉంది: రెండు కోట్లకు చదరపు మీటరుకు కిలో పైనే. మేస్త్రీకి చదువు రాదు, కొలత వచ్చు. నోటితోనే లెక్క కట్టాడు. ఎనిమిది బై ఐదు గది, నేల 40 అడుగులు. చుట్టూ గోడకు అడుగెత్తు ఎక్కించాలి, అదొక 26. షవర్ పడే రెండు గోడలకు తలెత్తు దాకా వేయాలి, అదింకో 45. మొత్తం 110 చదరపు అడుగుల చిల్లర, పది చదరపు మీటర్లు. ఒక్కో గదికి పది కిలోల పైన. రెండు గదులకు ఇరవై దాటాలి. బిల్లులో ఉన్నది ఒక్క ఐదు కిలోల డబ్బా.

"నీళ్లెక్కువ కలిపి పూసిండ్రా?" అని అడిగాడు మేస్త్రీ. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

కాంట్రాక్టర్ నవ్వు పోయింది. మరో దారి పట్టాడు. "పాత బిల్డింగ్ మేడం. సంకెన్‌లో ముందు నుంచే లీకేజీ ఉండి ఉంటుంది. మీరు ఏ బాత్రూమ్ చూసినా ఇంతే."

అందులో సగం నిజం ఉంది, అందుకే దాన్ని కొట్టిపారేయకూడదు. ఇలాంటి అపార్ట్‌మెంట్లలో స్నానాల గది స్లాబు మిగతా ఇంటికంటే కిందికి ఉంటుంది. ఆ లోతులో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన గచ్చు చేస్తారు. పైపొర కారితే ఆ ఇటుక ముక్కల మధ్య నీళ్లు తొట్టిలో నిలిచినట్టు నిలిచి, నెమ్మదిగా కింద ఇంట్లోకి దిగుతాయి. కానీ పని మొదలుకాక ముందు పాతికేళ్లు ఆ పైకప్పు పొడిగానే ఉందని కింద ఆవిడ చెబుతోంది. పోయిన ఏడాది రంగు వేయించినప్పటి ఫోటో ఆవిడ ఫోన్‌లో ఉంది. తెల్లటి పైకప్పు. పాత టైల్స్ తీయడానికి వాడిన బ్రేకర్ మెషిన్ పాత పొరను కూడా అదరగొట్టింది. దాని మీద కొత్త పొర సరిగా వేసుంటే ఫరవాలేదు. వేయలేదు.

"ఒక్క మాట చెప్పు బిడ్డా. పొర వేసినంక నీళ్లు కట్టినవా?"

"టైల్ వాళ్లు వచ్చేశారు పెద్దాయనా. వాళ్లను ఆపితే వేరే సైట్‌కు పోతారు."

ఈ జవాబు అతని నోటి నుంచి రావడం నాకు ముఖ్యంగా తోచింది. అబద్ధం కాదది. ఈ పనుల్లో ఎవరి డబ్బు ఎలా నడుస్తుందో అందులోనే ఉంది. కాంట్రాక్టర్ మన దగ్గర గది లెక్కన మాట్లాడతాడు. టైల్స్ పనిని అడుగు లెక్కన ఇంకొకరికి ఇస్తాడు. రాజస్థాన్ నుంచో బిహార్ నుంచో వచ్చిన కుర్రాళ్లు, రోజుకు ఎన్ని అడుగులు వేస్తే అంత. నీళ్లు కట్టి రెండు రోజులు చూడటం, మొదటి కోటు ఆరాక రెండో కోటు అడ్డంగా కొట్టడం, మాల్‌ను తడుపుతూ క్యూరింగ్ చేయడం, ఇవన్నీ చేతులు కట్టుకుని ఎదురుచూసే పనులు. వాటికి కొటేషన్‌లో గడి లేదు. ఎవరికీ కూలి రాని రోజులు కాబట్టి ముందుగా ఎగిరిపోయేవి అవే. దొంగ మేస్త్రీలు లేరని కాదు, ఉన్నారు. కానీ నేను చూసిన చెడ్డ పనుల్లో ఎక్కువ భాగం మోసంతో మొదలవలేదు, తొందరతో మొదలయ్యాయి. ఆ తర్వాత దాన్ని కప్పిపుచ్చడం మోసమైంది. సింకు కింద పెట్టిన పార్టికల్ బోర్డుకు మాత్రం ఈ మినహాయింపు ఇవ్వను. అది తొందర కాదు.

అక్క గొంతు పెంచలేదు. నాకైతే అరవాలనే ఉంది. ఆమె లాంగ్ నోట్‌బుక్ తెరిచి, మధ్యలో కార్బన్ పేపరు పెట్టి, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది. "నువ్వు చెయ్యనని ఇప్పుడే చెప్తే నేను ఏం చేయాలో నాకు తెలుసు బాబూ. చేస్తానంటే ఎలా చేస్తావో రాసుకుందాం."

ఆమెకు తెలిసినది ఇది. డబ్బు తీసుకుని చేసే ఇంటి పని వినియోగదారుల చట్టం కింద సేవ. ఇల్లు కట్టడం కూడా సేవేనని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు, ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. వకీలు తప్పనిసరి కాదు. లోపం బయటపడినప్పటి నుంచి రెండేళ్ల గడువు. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ముందు రాజీకి ప్రయత్నిస్తుంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం, రెరా మాత్రం ఇక్కడ పనికిరాదు. ఐదేళ్ల నిర్మాణ లోపాల బాధ్యత అనేది ఫ్లాట్లు కట్టి అమ్మే బిల్డర్ మీద ఉంటుంది, మన ఇంట్లో టైల్స్ మార్చిన మనిషి మీద కాదు. ఇరుగుపొరుగు ఇచ్చే సలహాల్లో సగం ఇక్కడే దారి తప్పుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ నష్టపరిహారం ఇప్పిస్తుంది, అయితే నష్టం పెరగకుండా మనం చేయగలిగింది చేశామా అని కూడా చూస్తుంది. కారుతోందని తెలిశాక కూడా అదే గదిలో రోజూ స్నానం చేస్తూ, కింద వాళ్ల పైకప్పు మొత్తం పాడయ్యాక బిల్లు పంపితే ఆ ప్రశ్న వస్తుంది. అందుకే ఈ గది తలుపుకు మొన్నటి నుంచి గొళ్లెం పడింది.

కాంట్రాక్టర్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "స్టాంప్ పేపర్ అవన్నీ ఎందుకు మేడం, నేనేమైనా పారిపోతానా?"

"స్టాంప్ పేపర్ కాదు, మామూలు కాగితమే. నువ్వు చెప్పేదే నేను రాస్తా."

ఇప్పుడు మేస్త్రీ చెబుతుంటే అక్క రాస్తోంది. కాంట్రాక్టర్ మధ్యమధ్య తల ఊపుతున్నాడు, మధ్యమధ్య బేరమాడుతున్నాడు. షవర్ భాగం, కమోడ్ వెనక మూల, ట్రాప్ చుట్టూ టైల్స్ తీయాలి. గుల్లగా మోగి, ఇంటూ పడ్డ ప్రతి టైల్ తీయాలి. బ్రేకర్ మెషిన్ వాడకూడదు, ఉలి, సుత్తితోనే. గోడ, నేల కలిసే మూలల్లో మాల్‌తో గుండ్రంగా గోలా తిప్పాలి. మొదటి కోటు ఆరాక రెండోది అడ్డంగా. డబ్బాలు అక్క ముందే సీలు తీయాలి. రెండు రోజులు నీళ్లు కట్టాలి. ఆ రెండు రోజులకు అతని మనుషులు వేరే సైట్‌కు పోయినా అభ్యంతరం లేదు, తిరిగొచ్చే తేదీ మాత్రం రాయాలి. నీళ్ల పరీక్ష అయ్యాకే టైల్. టైల్ గమ్ముతోనే. సింకు కింద అల్మారా మొత్తం మెరైన్ ప్లైతో మార్చాలి, ముద్ర కనబడేలా బోర్డు ముందు చూపించాలి.

ఆపివేసిన ఆఖరి వాయిదా దగ్గర గట్టి పేచీ వచ్చింది. పని అప్పజెప్పిన రోజు అక్క పది శాతం పట్టుకుని ఉంచింది. అది సగం ఇప్పుడు ఇస్తేనే మెటీరియల్ కొంటానంటాడు అతను. మెటీరియల్ షాపులో నేనే కట్టి ఆ మొత్తం అందులోంచి తీసుకుంటానంటుంది ఆమె. చేతికి నగదు ఇవ్వనంటుంది. బేరం చాలాసేపు ఇటూ అటూ నడిచింది. ఆ పది శాతం లేకపోయి ఉంటే అతను ఈ ఆదివారం ఇక్కడికి వచ్చేవాడని నేను అనుకోను. చట్టం, కమిషన్, హెల్ప్‌లైన్ అన్నీ నిజమే, కానీ మనిషిని ఈ డైనింగ్ టేబుల్ దాకా రప్పించింది ఆ పది శాతం.

చివరికి ఒప్పుకున్నాడు. చెప్పిన తేదీకి మొదలుపెట్టకపోతే వేరేవాళ్లతో చేయించి ఆ ఖర్చు అతని దగ్గర వసూలు చేసుకోవచ్చనే వాక్యం దగ్గర పెన్ను ఆపాడు. రెండుసార్లు చదువుకున్నాడు. సంతకం పెట్టాడు. సాక్షిగా నేను పెట్టాను. మేస్త్రీ వేలిముద్ర వేస్తానంటే అక్క వద్దంది, "నువ్వు నా మనిషివని అంటారు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ పెట్టనీ" అని. అదీ సరైన ఆలోచనే. ఒక ప్రతి అతని చేతికిచ్చి, ఇంకో ప్రతిని ఫోటో తీసి అతని వాట్సాప్‌కు అక్కడికక్కడే పంపింది. టిక్కులు నీలం అయ్యేదాకా చూసింది.

మేస్త్రీ వెళ్తూ అతని భుజం తట్టాడు. "గమ్ము బస్తాలు ఇంగ్లీషుల రాసి ఉంటయి బిడ్డా, నాకు చదవరాదు. నీకొస్తది. సదివి కలుపు."

సోమవారం కాదు, బుధవారం వచ్చారు మనుషులు. ఆ రెండు రోజుల ఆలస్యాన్ని అక్క అదే నోట్‌బుక్‌లో రాసుకుంది. టైల్స్ ఊడదీయడానికి ఉలి కూడా పెద్దగా అవసరం పడలేదు. కొన్ని చేత్తోనే వచ్చేశాయి. కింద వాటర్‌ప్రూఫింగ్ పొర కనిపించింది. ఒక్క కోటు, అదీ నేల మధ్యలోనే. గోడ మూలల్లో బ్రష్ తగల్లేదు. కింద దుమ్ము తుడవకుండా పూశారు కాబట్టి అది గోకితే పొరలు పొరలుగా లేచి వస్తోంది. టైల్స్ వేయడానికి వచ్చిన కుర్రాడు దాన్ని చూసి హిందీలో ఏదో అన్నాడు, పక్కవాడు నవ్వాడు. వాళ్లలో ఎవరూ ముందు పని చేసినవాళ్లు కాదు.

గోలా తిప్పారు. కోట్లు పడ్డాయి. డబ్బాలు అక్క లెక్కపెట్టింది. నీళ్లు కట్టిన రెండో రోజు సాయంత్రం కూడా గీత మీదే నిలిచాయి. కింద ఆవిడ పైకప్పు పొడిగా ఉందని ఫోన్ చేసి చెప్పింది. గీత ఫోటో కాంట్రాక్టర్‌కు పంపాకే టైల్ పని మొదలైంది. మూలల దాకా గమ్ము దువ్వి వేస్తున్నారు. ట్రాప్ చుట్టూ ఈసారి టైల్ కోశారు. గీతలు కనబడుతున్నాయి, అక్కకు వాటి మీద పట్టింపు లేదు.

తేలనిది కింద ఫ్లాటు పైకప్పు. తుప్పు పట్టిన కడ్డీ శుభ్రం చేసి, పెచ్చులు తీసి, మళ్లీ మాల్ పట్టించి రంగు వేయాలి. ఆ ఖర్చులో సగమే ఇస్తానంటున్నాడు కాంట్రాక్టర్, మిగతా సగం పాత బిల్డింగ్ దోషమని. అక్క రెండు చోట్ల అంచనాలు రాయించి, ఫోటోలతో కలిపి స్పీడ్ పోస్టులో అతనికి నోటీసు పంపింది. పదిహేను రోజుల గడువు ఇచ్చింది. ఆలోపు మొత్తం ఇవ్వకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తుంది. ఆఖరి వాయిదా ఇంకా ఆమె దగ్గరే ఉంది.